కొరియా రూమీ, మన ఇంటి బిడ్డలు



మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో మదనపల్లె నుంచి ఒక భాబీ వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఆపా, ఆ కొరియా బొమ్మల సినిమాలో షైతాన్లు పాటలు పాడతాయంట గదా. మా పాప పొద్దస్తమానం అదే పెట్టుకోని కూర్చుంటా ఉంది. చూడనీయొచ్చునా, వద్దా?" దాని కింద వరసగా జవాబులు. ఒక మామూ "తౌబా తౌబా, వెంటనే బంద్ చేయించు" అన్నాడు. కాలేజీకి పోయే ఒక పిల్ల "ఖాలా, అది బొమ్మల సినిమానే, అంత సీన్ లేదు" అంది. ఆ ఇద్దరిలో ఒక్కరూ సినిమా మొత్తం చూసినట్లు నాకు అనిపించలేదు.

నేను చూసినాను. ఒకసారి పిల్లలతో, ఇంకోసారి ఒక్కదాన్నే కూర్చోని. అందుకే ఈ నాలుగు మాటలు. నా రాయ్ ముందే చెప్పేస్తా: ఈ సినిమాలో మన బిడ్డలకన్నా మనం, అంటే అమ్మీలూ అబ్బాలూ, నేర్చుకోవాల్సిన సబఖ్ ఎక్కువ ఉంది. ఫత్వా ఇచ్చే ఇల్మ్ నాకు లేదు, అది ఉలమా పని. ఒక తల్లిగా నాకు తోచింది రాస్తా ఉన్నాను.

తెలియనివాళ్ల కోసం ముఖ్తసర్‌గా సంగతి. సినిమా పేరు 'కేపాప్ డెమన్ హంటర్స్'. సోనీ పిక్చర్స్ యానిమేషన్ వాళ్లు తీసినారు, 2025 జూన్ 20న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. డైరెక్టర్లు మ్యాగీ కాంగ్, క్రిస్ ఆపెల్‌హాన్స్. ఆగస్టు నెలాఖరుకల్లా నెట్‌ఫ్లిక్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ మంది చూసిన సినిమా ఇదే అయింది. ఇందులోని 'గోల్డెన్' పాట అదే నెలలో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 లిస్టులో మొదటి నంబరుకు ఎక్కింది. ఆ పాట కొంత ఇంగ్లీషు, కొంత కొరియన్. మన పిల్లలకు రెండూ నోటికి వచ్చేసినాయి. సూరాలు యాద్ చేయించడానికి మనం పడే అగచాట్లు తల్చుకుంటే కొంచెం హసద్ కూడా పుడుతుంది, దాచుకోవడం ఎందుకు!

కథ ఇది. రూమీ, మీరా, జోయీ అని ముగ్గురు అమ్మాయిలు. లోకానికి వాళ్లు పెద్ద సింగర్లు. చాటుగా మాత్రం మనుషుల రూహ్‌లు తినే షైతాన్లతో కొట్లాడతారు. వాళ్ల పాటతో, జనం దిలోంతో కలిసి హోన్‌మూన్ అనే ఒక రక్షణ తెర ఏర్పడుతుంది. షైతాన్ల సర్దార్ పేరు గ్వీమా. వాడు ఈ తెరను చింపడానికి అయిదుగురు అందమైన అబ్బాయిలను సాజా బాయ్స్ అని ఒక బ్యాండుగా పంపుతాడు. ఇక్కడ ఒక రాజ్ ఉంది. రూమీ తల్లి మనిషి, తండ్రి షైతాన్. ఒంటి మీద షైతాన్ మచ్చలు ఉంటాయి. అవి ప్రాణంగా చూసుకునే దోస్తులకు కూడా తెలియకుండా నిండా చేతుల బట్టలు వేసుకోని దాచుకుంటా బతుకుతుంది.

(రూమీ అనే పేరు వినగానే మా అమ్మీ "మౌలానా రూమ్ గురించి సినిమానా? అచ్ఛా హై, చూడనీ" అని ఇజాజత్ ఇచ్చేసింది. పిల్లలు ఆ ఇజాజత్‌ను భద్రంగా వాడుకున్నారు.)

ఇప్పుడు మన ఎతిరాజ్‌ల సంగతి చూద్దాం. మొదటిది: షైతాన్లు, జిన్నాతులు. మన అఖీదా ప్రకారం జిన్న్ ఉన్నారు, షైతాన్ ఉన్నాడు, అది నిజం. సినిమాలో చూపించేది కొరియావాళ్ల పాత నమ్మకాల నుంచి వచ్చిన ఖయాలీ కథ. పాట పాడే ఆడవాళ్ల సిల్సిలా అక్కడి 'ముదాంగ్'ల నుంచి మొదలైనట్లు చూపిస్తారు. మన దీన్‌కూ దానికీ సంబంధం లేదు. పాట పాడి బలాను తరిమేయొచ్చు అనేది మనం ఒప్పుకోం. ఈ ఫరఖ్ బిడ్డలకు చెప్పాల్సిందే, చెప్తే అర్థం చేసుకుంటారు కూడా. మన నానీలు చింతచెట్టు కింద మగ్రిబ్ వేళ జుట్టు విరబోసుకోని నిలబడొద్దని చెప్పిన కతలు విని పెరిగినవాళ్లమే కదా మనం! ఏది కహానీ, ఏది ఈమాన్ అనేది మనకు ఎవరో ఒకరు విడదీసి చెప్పినారు. మనమూ చెప్పాలి.

అయితే నన్ను ఆపి ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. గ్వీమా మనుషులను ఎట్లా పట్టుకుంటాడు? గొంతు పిసికి కాదు, చెవిలో గుసగుసలాడి. ఎవరి మనసులో ఏ షర్మిందగీ ఉందో, ఏ భయం ఉందో దాన్నే తిరిగి తిరిగి వినిపిస్తాడు. నువ్వు దేనికీ పనికిరావు, నిన్ను ఎవరూ ప్రేమించరు అని. సూరతున్ నాస్‌ను మనం రోజూ చదువుతాం. గుండెల్లో వస్‌వసాలు వేసి వెనక్కి తప్పుకునేవాడి షర్ నుంచి పనాహ్ అడుగుతాం. వస్‌వసా అంటే ఏందమ్మీ అని బిడ్డ అడిగితే నేను ఇన్నాళ్లూ లఫ్జ్ మానా చెప్పి ఊరుకునేదాన్ని. ఈ సినిమా తర్వాత వాళ్లకు నాలుగు వాక్యాల్లో చెప్పగలిగినాను.

రెండో ఎతిరాజ్: మౌసీఖీ. ఇందులో ఇఖ్తిలాఫ్ ఉందని మనందరికీ తెలుసు. అసలు వద్దనేవాళ్లు ఉన్నారు, హద్దుల్లో ఉంటే పర్వాలేదనేవాళ్లు ఉన్నారు. ఏ ఇంటి రివాజ్ ఆ ఇంటిది. నా అర్జ్ ఒక్కటే. ఇంట్లో పెళ్లికి డీజే పెట్టించి, బారాత్‌లో తెలుగు సినిమా పాటలకు ఎగిరి, కూతురు చెవిలో ఇయర్‌ఫోన్ చూసినప్పుడు మాత్రమే దీన్ గుర్తొచ్చే అబ్బాలు కొంచెం ఆలోచించాలి. పిల్లలు ఫత్వాలు చదవరు, మనల్ని చదువుతారు.

మూడోది అసలైన ఖతరా. మామూలుగా దీని గురించి ఎవరూ మాట్లాడరు. కొరియాలో పాప్ సింగర్లను 'ఐడల్' అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు అసలు అర్థం బుత్. సాజా బాయ్స్ మొదట 'సోడా పాప్' అని ముద్దుముద్దు పాటతో వస్తారు. చివరికి నల్ల బట్టలు, నల్ల టోపీలు వేసుకోని 'యువర్ ఐడల్' అని ఇంకో పాట పాడతారు. ఆ పాట నడుస్తా ఉంటే వేలాది అభిమానులు కళ్లు తేలేసి తమ రూహ్‌లను తామే అప్పజెప్పడానికి లైన్ కడతారు. కొరియన్ భాషలో 'సాజా' అంటే సింహం. 'జస్యుంగ్ సాజా' అంటే చనిపోయినవాళ్లను తీసుకుపోయే దూత. ఆ పేరులోనే రెండు అర్థాలు పెట్టినారు. కేపాప్‌ను ప్రేమించి తీసిన సినిమానే, అభిమానం బుత్ పరస్తీగా మారితే ఏమవుతుందో ఇంత సాఫ్‌గా చూపిస్తా ఉంది. దీన్ని చూసి మనం "ఇది బుత్‌లను పూజించమనే సినిమా" అంటే పిల్లలు నవ్వుతారు. వాళ్లు చూసినారు కదా!

ఈ ఖతరా ఎక్కడో సియోల్‌లో ఉందని అనుకోవద్దు. 2024 జనవరిలో జరిగింది గుర్తుందా? తమిళనాడు కరూర్ జిల్లాలో ఒక పల్లె నుంచి ఎనిమిదో తరగతి చదివే ముగ్గురు ఆడపిల్లలు, బీటీఎస్ బ్యాండును చూడటానికి కొరియా పోదామని ఇల్లు విడిచి బయల్దేరినారు. చేతిలో ఉన్నది 14 వేల రూపాయలు. విశాఖపట్నం పోతే అక్కడ ఓడ దొరుకుతుంది అని వాళ్ల లెక్క. చెన్నై దాకా పోయి, ఇక కుదరదని తిరిగి వస్తా ఉంటే కాట్పాడి స్టేషన్‌లో పోలీసులకు దొరికినారు. కాట్పాడి అంటే మన చిత్తూరు వాకిలే. ఆస్పత్రికీ రైలుకీ మనం రోజూ పోయే దారి. అల్లాహ్ కా షుకర్, ఆ పిల్లలు సలామత్‌గా ఇల్లు చేరినారు.

ఆ ఖబర్ వచ్చినప్పుడు అందరూ కొరియావాళ్లను తిట్టినారు. నాకు మాత్రం ఒక్క సవాలే తిరిగింది. పదమూడేళ్ల బిడ్డ ఓడ ఎక్కేదాకా ఆలోచించిందంటే, ఆ ఆలోచన పుట్టి పెరిగిన నెలల్లో ఇంట్లో ఒక్కరైనా దాని గురించి బిడ్డతో మాట్లాడినారా అని. వద్దు అనడం మాట్లాడటం కిందికి రాదు.

ఇక్కడి నుంచి నేను అసలు చెప్పాలనుకున్న మాటకు వస్తాను. రూమీని పెంచింది సెలీన్ అనే ఆమె. తల్లి చనిపోతే తల్లి సహేలీ తెచ్చి పెంచుకుంది. చెడ్డ మనిషి కాదు, ప్రాణంగా పెంచింది. కానీ చిన్నప్పటి నుంచీ ఒకటే పాఠం: నీ మచ్చలు ఎవరికీ కనపడకూడదు. పని పూర్తయితే ఆ మచ్చలు పోతాయి, అప్పటిదాకా దాచు. మీరాకు చెప్పొద్దు, జోయీకి చెప్పొద్దు. బిడ్డ దాచింది. దాచి దాచి ఒకరోజు గొంతే పోయింది. చివరికి వేల మంది ముందు అది బయటపడినప్పుడు దోస్తులు బిత్తరపోయినారు, రూమీ విరిగిపోయి సెలీన్ దగ్గరికి పోయింది. నన్ను చంపేయ్ అంది. సెలీన్ చంపలేదు. కానీ ఆ మచ్చలను కళ్లెత్తి చూడనూ లేకపోయింది. మళ్లీ కప్పడానికే చెయ్యి చాచింది. నన్ను పూర్తిగా ఎందుకు ప్రేమించలేకపోయినావు అని రూమీ అడిగే ఘట్టం అది. అక్కడ పిల్లలు రూమీని చూస్తా ఉన్నారు. నేను సెలీన్‌ను చూస్తా ఉండిపోయినాను.

ఎందుకంటే మన ఇళ్ల నిండా సెలీన్‌లే. మన బస్తీల్లో, మన ఖాందాన్‌లలో చూసినవే చెప్తా ఉన్నా. బిడ్డకు మూర్ఛ జబ్బు ఉంటుంది. గోళీలు చాటుగా మింగిస్తారు. రిష్తా వస్తే చెప్పరు. నికాహ్ అయినాక ఆ గోళీలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ పిల్ల మానేస్తుంది. తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంకో ఇంట్లో మెడ మీద చిన్న తెల్ల మచ్చ. అంటువ్యాధి కాదు, ప్రాణానికి ముప్పు లేదు. అయినా ఆ పిల్లను షాదీలకు తీసుకుపోరు. తిరుపతిలో ఇంటర్ హాస్టల్లో వేసిన కొడుకు ఫిజిక్స్ అర్థం కావడం లేదని ఫోన్‌లో ఏడిస్తే, "ఫుప్పూ వాళ్లకు తెలిస్తే నామోషీ, నోర్మూసుకోని చదువు" అంటాం. నత్తిగా మాట్లాడే బిడ్డను మెహ్మాన్‌లు వస్తే లోపలి రూములోకి పంపుతాం. చార్ లోగ్ క్యా కహెంగే అనే ఆ ఒక్క మాట మన ఇళ్లలో గ్వీమా పని చేస్తా ఉంది.

ఇక్కడ ఒక న్యాయమైన సవాల్ వస్తుంది. "ఆపా, మన దీన్‌లో ఐబ్‌లు దాచమనే కదా చెప్పినారు? పర్దాపోషీ సవాబ్ కదా?" నిజమే. ఒకరి తప్పును ఊరంతా చాటకుండా దాచడం సవాబే. మన గునాహ్‌ను మనమే గొప్పగా చెప్పుకోవడం ఇంకో గునాహ్. కానీ రెండు సంగతులు కలిపేయొద్దు. గునాహ్ అనేది మనిషి చేసింది. తౌబా చేసుకుంటే రబ్ మాఫ్ చేస్తాడు. రూమీ మచ్చలు ఆమె చేసినవి కావు, పుట్టుకతో వచ్చినవి. జబ్బు, ఒంటి రంగు, నత్తి, చదువు ఆలస్యంగా ఎక్కడం, మనసు బాగాలేకపోవడం గునాహ్‌లు కావు, ఆజ్మాయిష్‌లు. పర్దాపోషీ అంటే బిడ్డను లోకం నుంచి కాపాడటం. మనం చేసేది లోకం ముందు మన ఇజ్జత్‌ను బిడ్డ నుంచి కాపాడుకోవడం. దీన్‌లో దీనికి దలీల్ ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

కేపాప్ కంపెనీల తీరు కూడా మనకు కొత్తేమీ కాదు. పదేళ్లు, పన్నెండేళ్లు ఉన్నప్పుడే పిల్లలను ట్రైనీలుగా చేర్చుకోని, ఏళ్ల తరబడి పాట, డ్యాన్స్, తిండి, బరువు అన్నిటికీ లెక్కలు కడతారు. ఆఖరికి స్టేజీ ఎక్కేది కొందరే. సినిమాలో రూమీ పాటలు పాడిన ఈజే అట్లా చిన్నప్పుడే ఒక కంపెనీలో చేరి, పదేళ్లకు పైగా ట్రైనింగ్ తీసుకోని కూడా స్టేజీ ఎక్కలేకపోయింది. తర్వాత పాటలు రాయడంలోకి మళ్లింది. 'గోల్డెన్' రాసినవాళ్లలో ఆమె కూడా ఉంది. ఎవరో రద్దు చేసిన గొంతే లోకమంతా వినింది. మనమేమో అయిదు గంటలకు లేపి రాత్రి పది దాకా చదివించే హాస్టళ్లకు ఫీజు కట్టి, కొరియావాళ్లు పిల్లలను పిండుతారబ్బా అని అఫ్సోస్ పడతాం.

ఇక చివరి సంగతి, నాకు ఎక్కువ నచ్చింది. మ్యాగీ కాంగ్ సియోల్‌లో పుట్టి, చిన్నప్పుడే కెనడాలో పెరిగింది. ఇంట్లో ఒక జబాన్, బడిలో ఒక జబాన్. మన పిల్లలకు ఈ హాలత్ బాగా తెలుసు. ఇంట్లో దఖ్నీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, సరిహద్దు దాటితే తమిళం. అట్లాంటి మనిషి, సినిమా తీసే మౌకా వచ్చినప్పుడు, అమెరికావాళ్లకు అర్థం కాదేమో అని తన ఇంటి సంగతులు తుడిచేయలేదు. కింబాప్ తినేటప్పుడు కింబాప్ అనే తిన్నారు. ఆయుర్వేదం లాంటి వాళ్ల నాటు వైద్యుడి కొట్టు పెట్టినారు. పాత కొరియా జానపద బొమ్మల్లో పులి, దాని పక్కన ఒక పిట్ట ఉంటాయి. ఆ పులినే తెచ్చి సినిమాలో ఉత్తరాలు మోసే పులిగా పెట్టినారు. 2025లో సియోల్‌లోని జాతీయ మ్యూజియానికి వచ్చినవాళ్లు 50 లక్షలు దాటినారు. ఆ జనం పెరగడానికి ఈ సినిమా కూడా ఒక సబబ్ అన్నారు. పులి, పిట్ట బొమ్మల బ్యాడ్జీల కోసం లోకమంతా ఎగబడింది.

మన దగ్గర ఏముంది అంటారా? శ్రీకాళహస్తిలో గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే హునర్‌ను ఏమంటాం? కలంకారీ. ఖలమ్, కారీ రెండూ ఫార్సీ మాటలు. గుడి ఊరిలో రామాయణ ఘట్టాలు గీసే పనికి ఫార్సీ పేరు. మన ఇలాఖా అట్లా కలిసిపోయిన ఇలాఖా. గుర్రంకొండ కోట మన దగ్గరే ఉంది. హైదర్ అలీ 1782లో ఆఖరి శ్వాస విడిచింది చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గర దండులోనే. ఈ సంగతులు మన పిల్లల్లో ఎంతమందికి చెప్పినాం? మన నానీలు మెహందీ రాత్రి ఢోలక్ పెట్టుకోని, దుల్హాను, సమధన్‌ను ఏడిపిస్తా పాడే దఖ్నీ పాటలు ఎంతమందికి వచ్చు? తిరగలి తిప్పుకుంటా పాడుకోవడానికి దఖ్నీ సూఫీలు చక్కీనామాలు రాసినారు. తరం నుంచి తరానికి ఆడవాళ్లే పాటను అందించుకుంటా వచ్చినట్లు ఆ సినిమా మొదట్లో చూపిస్తారు. మనకూ ఆ సిల్సిలా ఉండింది. మన తరంలోనే తెగిపోతా ఉంది. మన యాసకు మనమే షర్మ్ పడినాం. బిడ్డ నలుగురిలో "నక్కో" అంటే కళ్లురిమి చూసినాం. మనం దాచిన మచ్చల్లో మన జబాన్ కూడా ఒకటి.

ఇంటి మాట రాస్తే ఎవరు చదువుతారు అనుకోవద్దు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తిరుపతి పక్క పల్లె మాటల్లోనే 'మిట్టూరోడి కతలు' రాస్తే తెలుగునాడంతా చదివింది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథల్లో మన ఇంటి గడప ఉంది, మన అమ్మీలు ఉన్నారు. స్కైబాబా 'వతన్' పేరుతో ముస్లిం కథలు గుది గుచ్చినాడు. ఇవి ఇంట్లో ఉన్నాయా? కొరియా మన గుమ్మం దాకా వచ్చేసింది కదా. పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతా ఉన్నాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి 2025 మేలో శంకుస్థాపన అయింది. రేపు మన పిల్లలు అక్కడ ఉద్యోగాలకూ పోతారు. కొరియన్ నేర్చుకుంటే మంచిదే. ఇల్మ్ ఎక్కడిదైనా ఇల్మే. కాకపోతే నానీతో రెండు మాటలు మాట్లాడటానికి కూడా జబాన్ మిగలాలి కదా.

కాబట్టి మదనపల్లె భాబీకి, ఆమెలాంటి అందరికీ నా మష్వరా ఇది. ఫోన్ లాక్కోవద్దు. లాక్కుంటే దుప్పటి కింద చూస్తారు, అంతే తేడా. ఇషా తర్వాత ఒక రోజు పిల్లల పక్కన కూర్చోని మీరూ చూడండి. మన అఖీదాకు పడనిది వచ్చినప్పుడు అక్కడే చెప్పండి, లెక్చర్ వద్దు, ఒక్క మాట చాలు. గదిలో పోస్టర్ అంటిస్తే అది ఎంతవరకు షౌఖ్, ఎక్కడి నుంచి జునూన్ అని సాజా బాయ్స్‌నే మిసాల్‌గా చెప్పండి. ఎట్లాగూ పిల్లలు మీకన్నా బాగా చెప్తారు. సినిమా అయిపోయినాక ఒక్క సవాల్ అడగండి: "నువ్వు నా దగ్గర దాచిపెట్టినది ఏమన్నా ఉందా?" అడిగి నోరు మూసుకోండి. వెంటనే జవాబు రాదు. వారం తర్వాత రావచ్చు, వంటింట్లో ఉల్లిగడ్డలు తరిగేటప్పుడు రావచ్చు. వచ్చినప్పుడు మాత్రం కప్పడానికి చెయ్యి చాచొద్దు. ముందు పూర్తిగా చూడండి. డాక్టరు కావాలంటే డాక్టరు దగ్గరికి, టీచరు కావాలంటే టీచరు దగ్గరికి, దువా కావాలంటే ముసల్లా మీదికి పోదాం.

మన బిడ్డలు మన దగ్గర అమానత్. అల్లాహ్ ఇచ్చినట్లుగానే ఇచ్చినాడు, మచ్చలతో సహా. వాళ్లను పూర్తిగా చూసే కళ్లు, విన్నాక తట్టుకునే దిల్ మనందరికీ అతా చేయాలని దువా. ఆమీన్.